గదిలో పట్టని డైనోసార్

చిన్నపిల్లల చదువు మీద పాఠకులు పంపే ప్రశ్నలకు నేను జవాబులు రాసే పేజీ ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో డైనోసార్ల ప్రాజెక్టు గురించి అడిగినవే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి ఉంచి, ఈ పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. చాలా ఏళ్ళు ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పాను. ఇక్కడ రాసేవన్నీ పిల్లలతో చేయించి చూసినవే.

ప్రశ్న: మా ఒకటో తరగతికి నెల రోజుల ప్రాజెక్టుగా డైనోసార్లు ఇచ్చారు. పోయినసారి ఇలాగే ఒక ప్రాజెక్టు ఇస్తే పిల్లలు తెచ్చిన థర్మాకోల్ బొమ్మలన్నీ ఇంట్లో పెద్దవాళ్ళు చేసినవే. పిల్లలే చేసేలా, వాళ్ళకి నిజంగా ఏదైనా తెలిసేలా ఎలా నడపాలి మేడమ్? మా దగ్గర సామాను పెద్దగా లేదు. (ఒక టీచర్)

జవాబు: ముందు ఒక్క నియమం పెట్టుకోండమ్మా. ఈ ప్రాజెక్టులో ఏ పనీ ఇంటికి వెళ్ళదు. కొలవడం, గీయడం, అతికించడం, రంగు వేయడం అన్నీ బడిలోనే, పిల్లల చేతులతోనే. ఇంటికి కబుర్లు వెళ్తే చాలు. దీంతో థర్మాకోల్ సమస్య చాలావరకు తీరిపోతుంది. వంకరటింకరగా వస్తుంది, రానివ్వండి. ఆరేళ్ళ పిల్ల చేసిన ట్రైసెరటాప్స్ ఆరేళ్ళ పిల్ల చేసినట్టే ఉండాలి.

పేర్ల పట్టికతో మొదలుపెట్టకండి. ఇరవై పేర్లు గడగడా అప్పజెప్పిన పిల్లవాడికి డైనోసార్ల గురించి తెలిసిందని నేను ఒప్పుకోను. ఒకటో రెండో తీసుకుని నెలంతా వాటి వెంటే పడండి.

నేనైతే సైజుతో మొదలుపెడతాను. పుస్తకంలో టి. రెక్స్ ఒక పేజీ ఉంటుంది, పక్కనే వెలోసిరాప్టర్ కూడా ఒక పేజీ ఉంటుంది. పిల్లల లెక్కలో ఆ రెండూ సమానం. అందుకని అందర్నీ ఆవరణలోకి తీసుకెళ్ళండి. పొడవాటి తాడుకి మీటరుకో ముడి వేసి దగ్గర పెట్టుకోండి. ముక్కు ఇక్కడ అని ఒకరిని నిలబెట్టి, "తోక చివర ఎక్కడికొస్తుందో వెళ్ళి నిలబడండి" అని మిగతావాళ్ళకి చెప్పండి. ఒకరు రెండడుగుల దూరంలో ఆగిపోతారు, ఇంకొకరు గోడ దాకా పరిగెడతారు. అందరూ నిలబడ్డాకే తాడు పరవండి. పెద్ద టి. రెక్స్ సుమారు 12 మీటర్లు. ట్రైసెరటాప్స్ 8 నుంచి 9. గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ కూడా దాదాపు 9 మీటర్లే. డిప్లోడోకస్ 25 మీటర్ల దాకా వెళ్తుంది, తాడు చాలకపోవచ్చు. చివర్లో వెలోసిరాప్టర్ పెట్టండి. తోకతో కలిపి రెండు మీటర్లకి దగ్గరగా ఉంటుంది, నడుము ఎత్తు అర మీటరు. అది తమ కంటే పొట్టిదని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! ముందు ఊహించి ఆ తర్వాత కొలిచారు కాబట్టే అంత ఆశ్చర్యం. కొలత మీరే ముందు చెప్పేస్తే అది ఇంకో అంకె అయి ఊరుకుంటుంది.

ఇక అసలు పని. పిల్లలు ఒక డైనోసార్‌ని ఎంచుకుని, దాన్ని అసలు సైజులో నేల మీద చాక్‌పీసుతో గీస్తారు. ట్రైసెరటాప్స్ అయితే మంచిది. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. కొమ్ములు, మెడ పట్టీ ఉండటంతో ఎవరు గీసినా అదేమిటో తెలిసిపోతుంది. తలకి ఒక గుంపు, వెన్నుకి ఒక గుంపు, కాళ్ళకి, తోకకి వేరే గుంపులు. ఒక్క పుర్రే రెండు మీటర్ల పైన ఉంటుంది కాబట్టి తల గుంపుకి పని తక్కువేమీ కాదు.

ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఒకటుంది. రెండు రకాల చాక్‌పీసులు వాడండి. ఎముకలు చెప్పినదంతా తెల్ల చాక్‌పీసుతో, మనం ఊహించినది రంగు చాక్‌పీసుతో. కొమ్ములు మూడు అన్నది తెలుపు, పుర్రె దొరికింది కాబట్టి. చర్మం రంగు ఊహ. దంతాలు తెలుపు. ఎలా అరిచేదో ఊహ. "దీనికి ఏ చాక్‌పీసు టీచర్?" అని పిల్లలు అడగడం మొదలైందంటే ప్రాజెక్టు దారిలో పడినట్టే. మనకి తెలిసింది వేరు, మనం అనుకునేది వేరు అన్న సంగతి ఆరేళ్ళ వయసులో అర్థం కాదని చాలామంది అంటారు. చేతిలో రెండు చాక్‌పీసులు పెట్టండి, చక్కగా అర్థమవుతుంది.

"మనకెలా తెలుసు?" అన్న ప్రశ్నని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి నెలంతా ఉంచండి. దానికి జవాబుగా రెండు పనులు చేయించవచ్చు.

ఒకటి పాదముద్రల లెక్క. మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1976లో, డైనోసార్ల అడుగుజాడలు చూసి అవి ఎంత వేగంగా నడిచాయో లెక్కగట్టే పద్ధతి చెప్పారు. అందులో ఒక మెట్టు ఏమిటంటే, పాదం పొడవుని నాలుగుతో గుణిస్తే సుమారుగా నేల నుంచి తుంటి దాకా ఎత్తు వస్తుంది. పిల్లలు ముందు తమ పాదాన్నే కాగితం మీద గీసుకుని, ఆ పొడవుకి నాలుగు రెట్లు దారం కత్తిరించి, మడమ దగ్గర్నుంచి పైకి పట్టుకుని చూస్తారు. మనుషులకి ఆ లెక్క కచ్చితంగా సరిపోదు గానీ, దారం నడుము దరిదాపుల్లోకి వస్తుంది. తర్వాత అట్టతో అర మీటరు పొడవున మూడు వేళ్ళ పాదం కత్తిరించి నేల మీద పెట్టండి. దారాన్ని నాలుగు రెట్లు కొలిస్తే రెండు మీటర్లు. గోడ మీద ఆ ఎత్తున గీత పెట్టి, తుంటి ఇక్కడ అని చెప్పండి. జంతువుని ఎవరూ చూడలేదు, అడుగు ఒక్కటే మిగిలింది, అయినా ఎత్తు తెలిసింది. ఈ సంబరం కోసం నెల రోజులూ వెచ్చించవచ్చు.

రెండోది తవ్వకాలు. ఇసుక నింపిన ట్రేలో అట్టతో కత్తిరించిన ఎముకలు పాతిపెట్టడం అందరూ చేసేదే. అయితే చాలాచోట్ల మొత్తం అస్థిపంజరం పాతేస్తారు, పిల్లలు తీసి జిగ్‌సా పజిల్‌లా అమర్చేస్తారు, అయిపోతుంది. అలా వద్దు. సగం ఎముకలే పాతండి. వేరే జంతువు ఎముకలు రెండు మూడు కలపండి. ఎటు పెట్టాలో తెలియని ముక్క ఒకటి, కొసదేరిన కొమ్ములాంటిది, తప్పకుండా ఉండాలి. గుంపులో వాదన మొదలవుతుంది. ఒకరు అది కొమ్మంటారు, ఒకరు గోరంటారు, ఇంకొకరు తోక చివరిదంటారు. మీరు జవాబు చెప్పకండి. కారణం అడగండి, అంతే.

వాదన పూర్తయ్యాక ఇగ్వానడాన్ అనే డైనోసార్ కథ చెప్పండి. 1825లో గిడియన్ మాంటెల్ అనే డాక్టరు ఆ జంతువుకి పేరు పెట్టాడు. కొసదేరిన ఎముక ఒకటి దొరికితే అది ముక్కు మీది కొమ్మనుకున్నాడు. 1854లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో పెట్టిన దాని నిలువెత్తు విగ్రహాలకి కూడా కొమ్ము ముక్కు మీదే చెక్కారు. ఆ విగ్రహాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. 1878లో బెల్జియంలో బెర్నిసార్ అనే చోట బొగ్గు గనిలో మొత్తం అస్థిపంజరాలే చాలా బయటపడ్డాయి. అప్పుడు తేలింది, అది ముక్కుది కాదు, బొటనవేలిది. మీ పిల్లలు ఆ ముక్క గురించి పోట్లాడుకున్న తర్వాత ఈ కథ వింటే, అది వాళ్ళ సొంత విషయంలా వింటారు. ముందే చెప్పేస్తే ఆ పోట్లాటే ఉండదు.

ఒక జాగ్రత్త. అచ్చులు పోయడానికి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడాలనుకుంటే కలపడం, పోయడం మీరే చేయండి. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. అందులో చెయ్యి పెట్టి అచ్చు తీయడం ఎంత మాత్రం చేయకూడదు, చెయ్యి కాలిపోతుంది. పొడి ముక్కులోకి పోతే కూడా మంచిది కాదు. పిల్లల చేతికి మట్టి ముద్దో, పిండిలో ఉప్పూ నీళ్ళూ కలిపిన ముద్దో ఇవ్వండి. అందులో ఆకు, గవ్వ అదిమి తీస్తే శిలాజం ముద్ర ఎలా పడుతుందో అర్థమవుతుంది. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్ళు. క్లాసులో టీచర్ గోడ మీద డైనోసార్ల చార్టు పెట్టి, అందులో టెరోడాక్టిల్‌ని చూపించి "ఎగిరే డైనోసార్" అన్నారట. మా వాడు లేచి "అది డైనోసార్ కాదు" అన్నాడట. ఎదురు చెప్పాడని కూర్చోబెట్టేశారు. వాడు ఇంటికొచ్చి ఏడ్చాడు. ఎవరిది తప్పు మేడమ్? (ఒక అమ్మ)

జవాబు: మీ వాడు చెప్పింది నిజమమ్మా. టెరోడాక్టిల్ లాంటి ఎగిరే సరీసృపాల్ని టెరోసార్లు అంటారు. అవి డైనోసార్లకి దగ్గరి చుట్టాలే, కానీ ఆ కుటుంబంలోవి కావు. వాటి రెక్క అంటే ఒక్క వేలు విపరీతంగా పొడుగు పెరిగి, దాని నుంచి ఒంటి దాకా సాగిన పొర. సముద్రంలో ఈదిన ఇక్తియోసార్లు, ప్లీసియోసార్లు కూడా డైనోసార్లు కావు. చార్టుల్లో అన్నీ ఒక్కచోట కుక్కేస్తారు కాబట్టి పెద్దవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. ఆ టీచర్‌ని కలిసి నెమ్మదిగా మాట్లాడండి. బాబుకి మాత్రం వాడు చెప్పింది సరైనదేనని ఈరోజే చెప్పండి. ఐదేళ్ళ పిల్లవాడు తను సరిగ్గా చెప్పి కూడా తప్పు చేశానేమో అనుకుంటూ పడుకోకూడదు.

ఇది చదివే టీచర్లకి ఒక మాట. డైనోసార్ల విషయంలో పిల్లలకి మన కంటే ఎక్కువ తెలిసి ఉండటం సర్వసాధారణం. అది మనకి అవమానం కాదు, క్లాసుకి దొరికిన అదృష్టం. బోర్డులో ఒక మూల "వెతకాల్సినవి" అని గడి గీసి, పిల్లలు చెప్పిన సంగతిని వాళ్ళ పేరుతో అందులో రాయండి. మర్నాడు పుస్తకం తెచ్చి అందరూ కలిసి చూడండి.

డైనోసార్ అంటే ఏమిటో చెప్పడానికి ఒక ఆట కూడా ఉంది. పిల్లల్ని నేల మీద పాకమనండి, మోచేతులు, మోకాళ్ళు పక్కలకి చాచి, బల్లిలాగా. రెండు నిమిషాల్లో అలిసిపోతారు. తర్వాత లేచి, కాళ్ళు ఒంటి కింద నిటారుగా పెట్టి నడవమనండి. డైనోసార్ల కాళ్ళు రెండో రకం. ఒంటి కింద స్తంభాల్లా నిలబడేవి. అంత బరువు మోయడానికి, ఎక్కువ దూరం నడవడానికి ఆ కాళ్ళు ఎంత సాయపడ్డాయో పిల్లలకి తమ మోకాళ్ళే చెబుతాయి.

ప్రశ్న: "తాతయ్య చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా?" అని మా రెండో తరగతి పిల్లలు అడుగుతున్నారు. కోట్ల సంవత్సరాలంటే వాళ్ళకి ఎలా అర్థమవుతుంది? (ఒక టీచర్)

జవాబు: అంకెతో అర్థం కాదు, నడిస్తే అర్థమవుతుంది. కోటి సంవత్సరాలకి ఒక మీటరు అనుకోండి. మన లెక్క కోట్లలో ఉండటం ఇక్కడ భలే కలిసొస్తుంది. 23 మీటర్ల తాడు ఆవరణలో పరవండి. ఒక చివర మనం, ఈరోజు. రెండో చివర తొలి డైనోసార్లు, సుమారు 23 కోట్ల ఏళ్ళ క్రితం. మన వైపు నుంచి 6 మీటర్ల 60 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గుడ్డ కట్టండి. పక్షులు తప్ప మిగతా డైనోసార్లన్నీ అంతరించింది అక్కడ, 6.6 కోట్ల ఏళ్ళ క్రితం. మనలాంటి మనుషులు పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్ళు, అంటే తాడు మీద 3 సెంటీమీటర్లు. ఒక పిల్లని పిలిచి బొటనవేలు దాని మీద పెట్టమనండి. మనుషుల కథంతా ఆ వేలి కిందే ఉంది. తాతయ్య చిన్నతనం తాడు మీద చుక్క పెట్టడానికి కూడా చాలదు.

ఇప్పుడు అసలు తమాషా. స్టెగోసారస్ బొమ్మని 15 మీటర్ల దగ్గర పెట్టించండి. టి. రెక్స్ బొమ్మని ఎర్ర గుడ్డకి కాస్త అవతల, 6 మీటర్ల 80 దగ్గర. పిల్లల్ని టి. రెక్స్ దగ్గర నిలబెట్టి, "దీనికి దగ్గరి వాళ్ళు ఎవరు, స్టెగోసారస్సా, మనమా?" అని అడగండి. కొలిపించండి. స్టెగోసారస్ 8 మీటర్ల పైనే ఉంది, మనం 7 మీటర్లు కూడా లేము. టి. రెక్స్ కాలానికి స్టెగోసారస్ కంటే మనమే దగ్గర! ఇది విన్న పెద్దవాళ్ళు కూడా నమ్మరు, తాడు చూపించాలి. ఆ రెండూ కొట్టుకుంటున్న బొమ్మలు ఎన్ని పుస్తకాల్లో ఉన్నాయో పిల్లలే వెతికి పట్టుకొస్తారు.

ప్రశ్న: మా పాప బొమ్మకి గులాబీ రంగు చారలు వేసింది. డైనోసార్లు ఆకుపచ్చగానో మట్టిరంగులోనో ఉంటాయని చెప్పి మళ్ళీ వేయించారు. అవి నిజంగా ఏ రంగులో ఉండేవి? (ఒక నాన్న)

జవాబు: చాలావాటి రంగు ఎవరికీ తెలియదండీ. ఆకుపచ్చ కూడా ఒక ఊహే. అందుకని పాప గులాబీని కొట్టేసి ఆకుపచ్చ వేయించడం, ఒక ఊహ తీసి ఇంకో ఊహ పెట్టడమే అవుతుంది.

తెలిసినవి కొన్ని ఉన్నాయి, అవి భలే ఉంటాయి. 1996లో చైనాలో సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ శిలాజం గురించి లోకానికి తెలిసింది. ఒంటి మీద నూగులాంటి ఈకల గుర్తులు రాతిలో కనిపించాయి. 2010లో ఆ నూగులో రంగునిచ్చే సూక్ష్మ కణాల ఆకారాన్ని మైక్రోస్కోపులో చూసి, అది ఎర్రటి గోధుమ రంగులో ఉండేదని, తోక మీద చారలుండేవని చెప్పారు. చూశారా, చారలు నిజంగానే ఉన్నాయి! వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద కూడా ఈకలు అతుక్కునే చిన్న గుబ్బలు ఉన్నట్టు 2007లో బయటపెట్టారు.

పాపని అడగాల్సింది ఒక్కటే, "ఈ రంగు దానికి ఎందుకు పనికొచ్చేది?" అని. పూల మధ్య దాక్కోవడానికి అనొచ్చు, వేరేవాటిని భయపెట్టడానికి అనొచ్చు. కారణం చెప్పగలిగితే గులాబీ చారలు ఉంచేయండి. "నాకు ఇష్టం" అన్నా ఉంచేయండి, కాకపోతే అది రంగు చాక్‌పీసు పని అని తనకి తెలిసుండాలి.

ప్రశ్న: డైనోసార్లు ఎలా చనిపోయాయో బడిలో వీడియో చూపించారు. అప్పటినుంచి మా ఆరేళ్ళ బాబు రాత్రిళ్ళు ఆకాశం నుంచి రాయి పడుతుందేమోనని భయపడుతున్నాడు. ఈ పాఠం చిన్నపిల్లలకి అవసరమా? (ఒక అమ్మ)

జవాబు: అవసరమే, కానీ వీడియోతో కాదు. నిప్పులు, అరుపులు, చచ్చిపడే జంతువులు ఆరేళ్ళ పిల్లలకి పెద్ద తెర మీద చూపించాల్సినవి కావు. ఇదే సంగతిని మాటల్లో, మెల్లగా, ఒకదాని వెంట ఒకటి చెప్పవచ్చు. ఇప్పటి మెక్సికోలో యుకటాన్ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున్న గ్రహశకలం పడింది. 180 కిలోమీటర్ల దాకా గుంట పడింది. లేచిన దుమ్ము, మసి ఎండని కప్పేశాయి. ఎండ లేక మొక్కలు చచ్చిపోయాయి, మొక్కలు లేక వాటిని తినేవి, వాటిని తినే జంతువులు లేక మాంసం తినేవి. పిల్లలకి ఈ గొలుసు తెలియడం ముఖ్యం.

కథని అక్కడ ఆపకండి. కొన్ని చిన్న జంతువులు బతికాయి, వాటిలో పక్షులున్నాయి. పక్షులు డైనోసార్ల కుటుంబంలోవే. కాబట్టి కిటికీ బయట వాలే పిచ్చుక కూడా ఒక డైనోసారే. భయపడే పిల్లలకి ఈ ముక్క చాలా ధైర్యాన్నిస్తుంది. మీ బాబుతో కలిసి రోజూ కాసేపు పక్షుల్ని చూడండి. కాళ్ళు, వాటి మీది పొలుసులు, మూడు వేళ్ళు ముందుకి పెట్టి నడిచే తీరు.

"మళ్ళీ పడుతుందా?" అని అడిగితే దాటవేయకండి. నిజం చెప్పండి. అంత పెద్ద రాళ్ళు రావడం చాలా చాలా అరుదు. శాస్త్రవేత్తలు టెలిస్కోపులతో ఆకాశాన్ని రోజూ గాలిస్తున్నారు, తెలిసినవాటిలో అంత పెద్దది ఏదీ ఈ వందేళ్ళలో మన మీదికి రావడం లేదు. 2022 సెప్టెంబరులో నాసా డార్ట్ అనే నౌకని డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలానికి కావాలని ఢీకొట్టించి, అది తిరిగే దారిని మార్చి చూపించింది. డైనోసార్లకి టెలిస్కోపుల్లేవు, మనకున్నాయి. బాబుకి ఈ మాట చెప్పి చూడండి. నెల దాటినా నిద్ర పట్టనంత భయం ఉంటే మాత్రం పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: మా క్లాసులో ఆడపిల్లలు "డైనోసార్లు అబ్బాయిలవి" అని పక్కకి తప్పుకుంటున్నారు. ఏం చేయను? (ఒక టీచర్)

జవాబు: మేరీ యానింగ్ గురించి చెప్పండి. 1799లో ఇంగ్లండ్ సముద్ర తీరంలో లైమ్ రీజిస్‌లో పుట్టింది, పేద కుటుంబం. 1811లో వాళ్ళన్నయ్యకి ఒక వింత పుర్రె దొరికింది. మిగతా ఒళ్ళు ఆ తర్వాత మేరీ కనిపెట్టి బయటికి తీయించింది. అప్పటికి తనకి పన్నెండేళ్ళు. అది ఇక్తియోసార్, సముద్రపు సరీసృపం. తర్వాత 1823లో తొలిసారిగా ప్లీసియోసార్ మొత్తం అస్థిపంజరం తీసింది. అప్పట్లో లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు. పెద్ద పెద్ద పండితులు మాత్రం తన దగ్గరికొచ్చి శిలాజాలు కొనుక్కెళ్ళేవాళ్ళు.

1990లో అమెరికాలోని సౌత్ డకోటాలో దొరికిన టి. రెక్స్‌ని కనిపెట్టింది కూడా ఒక మహిళే, సూ హెండ్రిక్సన్. అందుకే దాన్ని సూ అని పిలుస్తారు, షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. అది ఆడదో మగదో ఇప్పటికీ తెలియదు. రంగు చాక్‌పీసు!

కథలతో పాటు ఇంకో పని చేయండి. గుంపుల్లో కొలిచే తాడు, తవ్వే బ్రష్షు ఎవరి చేతిలో ఉంటున్నాయో ఒకరోజు గమనించండి. రాసే పని, శుభ్రం చేసే పని ఆడపిల్లలకే పోతుంటే మార్చండి. వంతులు పెట్టండి. చాలాసార్లు "నాకిష్టం లేదు" అనే పిల్ల చేతికి అప్పటిదాకా తాడు వచ్చే ఉండదు.

ప్రశ్న: డైనోసార్ పేడ అనగానే క్లాసంతా నవ్వులే నవ్వులు. పాఠం ముందుకి సాగడం లేదు. (ఒక టీచర్)

జవాబు: నవ్వనివ్వండి, ఆ నవ్వుతోనే పాఠం నడుస్తుంది. శిలాజంగా మారిన పేడని కోప్రోలైట్ అంటారు. కెనడాలోని సస్కాచెవాన్‌లో దొరికిన ఒకదాని గురించి 1998లో రాశారు. 44 సెంటీమీటర్ల పొడవు, నిండా ఎముకల ముక్కలు. అది టి. రెక్స్‌దే అయి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. మట్టి ముద్దల్లో ఒక గుంపు గింజలు, ఆకు ముక్కలు దాస్తుంది, ఇంకో గుంపు చిన్న పుల్లల్ని ఎముకలనుకుని దాస్తుంది. ఆరాక మార్చుకుని విరగ్గొట్టి, ఏ జంతువు ఏం తిన్నదో చెప్పాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ప్రశ్న: ప్రాజెక్టు చివర గ్రేడు వేయాలి. బొమ్మ బాగా వచ్చినవాళ్ళకి ఎక్కువ వేయడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. దేనికి వేయను మేడమ్? (ఒక టీచర్)

జవాబు: మీకలా అనిపించడం సరైనదే. బొమ్మకి గ్రేడు వేస్తే వచ్చే ఏడు మళ్ళీ థర్మాకోలే వస్తుంది.

ప్రతి పిల్లనీ విడిగా పిలిచి, నేల మీది బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, తనకిష్టమైన చోటు చూపించి "ఇది మనకెలా తెలుసు?" అని అడగండి. "ఎముక దొరికింది" అన్నా, "అది మనం అనుకున్నాం" అన్నా, రెండూ మంచి జవాబులే. "టీచర్ చెప్పారు" అంటే ఇంకొంచెం పని మిగిలుందన్నమాట. ఆ పిల్లని ఇంకోసారి తాడు దగ్గరికో ట్రే దగ్గరికో తీసుకెళ్ళండి. రెండోది, నెలలో ఎప్పుడైనా కారణం విని మనసు మార్చుకుందేమో చూడండి. కొమ్మని వాదించిన పిల్లవాడు పక్కవాడి మాట విని "అయితే గోరే అయ్యుంటుంది" అన్నాడంటే నేను వాడికి అన్నిటికంటే ఎక్కువ వేస్తాను. ఇవి అప్పటికప్పుడు రాసుకోకపోతే మరిచిపోతాం కాబట్టి చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండాలి.

మాటలు సరిగ్గా రాని పిల్లలుంటే చాక్‌పీసులు రెండూ ముందు పెట్టి, ఏది వాడాలో చూపించమనండి. అది కూడా జవాబే. రిపోర్టులో అక్షరం తప్పనిసరి అయితే అక్షరం వేయండి, దాని పక్కనే ఒక్క వాక్యం రాయండి. "పాదముద్ర చూసి ఎత్తు కొలవగలదు, రంగు ఎవరికీ తెలియదని చెప్పింది" అని రాశారనుకోండి, ఇంట్లోవాళ్ళకి నెలంతా ఏం జరిగిందో అర్థమవుతుంది.